పన్నెండు నెలల పూచీ: కెనడాలో ఒక శరణార్థి కుటుంబాన్ని నిలబెట్టడం

కెనడా వలస చట్టంలో ఒక అరుదైన వెసులుబాటు ఉంది. 18 ఏళ్లు నిండిన ఐదుగురు, పౌరులు కావచ్చు, శాశ్వత నివాసులు కావచ్చు, కలిసి సంతకాలు పెడితే జోర్డాన్‌లోనో కెన్యాలోనో పాకిస్తాన్‌లోనో తలదాచుకుంటున్న ఒక కుటుంబాన్ని తమ ఊరికి రప్పించుకోవచ్చు. విచారణ, భద్రతా తనిఖీ, వీసా ప్రభుత్వం చూసుకుంటుంది. దిగిన రోజు నుంచి 12 నెలల పాటు ఇంటి అద్దె, తిండి, బట్టలు, పిల్లల బడి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం అన్నీ ఆ ఐదుగురి పూచీ. ప్రభుత్వంతో రాతపూర్వకంగా చేసుకునే ఒప్పందం కాబట్టి మధ్యలో వదిలేస్తే జవాబు చెప్పుకోవాలి, మరొకరికి స్పాన్సర్‌గా నిలబడే అర్హతా పోవచ్చు.

‘గ్రూప్ ఆఫ్ ఫైవ్’ అని పిలిచే ఈ దారిలో 2024 నవంబరు 29 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. ఎందుకు ఆపారన్నది తర్వాత చూద్దాం. అప్పటికే చేరిన దరఖాస్తుల పరిశీలన సాగుతూనే ఉంది, కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. టొరంటో, ఎడ్మంటన్, కాల్గరీ చుట్టుపక్కల ఉండే తెలుగువారిని ఆఫీసులో తోటివారో, పిల్లల స్నేహితుల తల్లిదండ్రులో ‘మా బృందానికి సాయం వస్తారా’ అని అడిగే సందర్భం ఎప్పుడైనా రావచ్చు. ఈ పనిలో డబ్బు కూడగట్టడమే కష్టమని చాలామంది అనుకుంటారు. డబ్బు ఎలాగో పోగవుతుంది. ఏడాది తిరిగేసరికి మనతో పని లేకుండా వాళ్లంతట వాళ్లు బతికేలా సాయం చేయడమే అసలు చిక్కు. మంచి మనసుతో మొదలైన బృందాలు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఎవరు ఏ దారిలో వస్తారు

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. కెనడాలో అడుగుపెట్టాక ‘నాకు ఆశ్రయం ఇవ్వండి’ అని అడిగేవారు వేరు, బయటి దేశంలో ఉండగానే శరణార్థిగా ఎంపికై వచ్చేవారు వేరు. మొదటివారి కేసు విచారణ మండలి ముందుకు వెళుతుంది. ఓడిపోతే వెనక్కి పంపవచ్చు. రెండోవారు విమానం దిగిన క్షణంలోనే శాశ్వత నివాసులవుతారు. 2022 తర్వాత పెద్ద సంఖ్యలో వచ్చిన యుక్రెయిన్ ప్రజలు ఈ రెండు లెక్కల్లోకీ రారు. వాళ్లు వచ్చింది తాత్కాలిక అనుమతులతో. వార్తల్లోనూ మాటల్లోనూ అందరినీ కలిపి శరణార్థులనే అంటాం కాబట్టి, ఒకరి మీది కోపం ఇంకొకరి మీద పడుతూ ఉంటుంది.

బయటి నుంచి ఎంపికై వచ్చేవారిలోనూ మూడు రకాలు. ప్రభుత్వమే పూర్తిగా ఖర్చు భరించి తెచ్చేవారు ఒకరు. పౌరుల బృందాలు, మత సంస్థలు, సేవా సంఘాలు పూచీ పడి తెచ్చేవారు ఇంకొకరు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ సూచించిన కుటుంబాలకు ఖర్చులో కొంత ప్రభుత్వం, కొంత స్పాన్సర్ పెట్టుకునే మిశ్రమ పద్ధతి 2013లో వచ్చింది. ఎలా వచ్చినా హోదా ఒక్కటే. స్పాన్సర్‌తో చెడినా, స్పాన్సర్ చేతులెత్తేసినా వారి నివాస హక్కుకు ఢోకా లేదు. ఈ సంగతి వచ్చినవారికి మొదటి వారంలోనే వారి భాషలో చెప్పాలి. చెప్పని చోట ఆ కుటుంబం ఏడాదంతా స్పాన్సర్ మొహం చూసి భయపడుతూ బతుకుతుంది.

ఇంకో మాట. శరణార్థులకు ప్రభుత్వం పింఛనుదార్ల కన్నా ఎక్కువ ఇస్తోందని ఒక సందేశం ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. దిగిన కొత్తలో సామాన్లకు ఒకేసారి ఇచ్చే మొత్తాన్ని నెలవారీ భృతిగా లెక్కగట్టడంతో పుట్టిన తప్పు అది. ప్రభుత్వం ఎన్నిసార్లు ఖండించినా చావలేదు. నిజానికి నెలనెలా వచ్చేది ఆ రాష్ట్రంలో సాంఘిక సహాయం తీసుకునేవారికి వచ్చేదానికి దాదాపు సమానం. పెద్ద నగరంలో అద్దెకే అది చాలదు.

సముద్రం మీద మొదలైన చట్టం

పౌరులు శరణార్థులకు పూచీ పడవచ్చన్న నిబంధన 1976 వలస చట్టంతో వచ్చి, 1978లో అమల్లోకి వచ్చింది. కాగితం మీది నిబంధనకు ప్రాణం పోసింది వియత్నాం నుంచి పడవల్లో సముద్రం మీదికి పారిపోయిన ‘పడవ ప్రజలు’. 1979 వేసవిలో ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం ‘మీరు ఒకరిని తెస్తే మేం ఒకరిని తెస్తాం’ అన్న లెక్కన 50,000 మందిని తీసుకుంటామని ప్రకటించింది. చర్చిలు, వీధి సంఘాలు, ఆఫీసు సిబ్బంది ముందుకొచ్చారు. తర్వాత లక్ష్యాన్ని 60,000కు పెంచారు. 1979, 1980లలో వచ్చినవారిలో సగానికి పైగా ప్రైవేటు స్పాన్సర్లు తెచ్చుకున్నవారే. 1986లో ఐక్యరాజ్యసమితి, శరణార్థులకు చేసిన సేవకు ఇచ్చే నాన్సెన్ పురస్కారాన్ని కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చింది. ఒక దేశ ప్రజలకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఈ దేశానికి ఎప్పుడూ ఇంత పెద్ద మనసు ఉందని అనుకోనక్కర్లేదు. 1939లో జర్మనీ నుంచి తొమ్మిది వందలకు పైగా యూదులతో బయలుదేరిన సెయింట్ లూయిస్ ఓడను క్యూబా, అమెరికా కాదన్నట్టే కెనడా కూడా కాదంది. ఐరోపాకు తిరిగి వెళ్లినవారిలో రెండు వందల యాభైమందికి పైగా నాజీల చేతిలో చనిపోయారు. 1979లో నిర్ణయం తీసుకున్నవారికి ఆ చరిత్ర తెలుసు.

2015 నవంబరు నుంచి 2016 ఫిబ్రవరి చివరిదాకా నాలుగు నెలల్లో 25,000 మంది సిరియన్లు వచ్చినప్పుడు ఈ పద్ధతి మళ్లీ ప్రపంచం కంట పడింది. బ్రిటన్ 2016లో, ఆస్ట్రేలియా 2022లో, అమెరికా 2023లో తమ తమ రూపాల్లో దీన్ని అనుకరించాయి. అమెరికా పథకం రెండేళ్లకే, 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం శరణార్థుల రాకను నిలిపివేయడంతో ఆగిపోయింది.

దరఖాస్తులో రాయని బిడ్డ

స్పాన్సర్ బృందం పని విమానాశ్రయంలో పూలగుత్తితో మొదలవుతుందనుకుంటే పొరపాటు. అంతకు ముందే, కొన్నిసార్లు రెండు మూడేళ్ల ముందే మొదలవుతుంది. నలుగురి కుటుంబానికి దాదాపు 30,000 డాలర్లు ఉన్నాయని చూపాలి. ఇల్లు ఎక్కడ చూస్తారు, భాష ఎక్కడ నేర్పిస్తారు, దుబాసీ ఎవరు, బృందంలో ఒకరు ఊరు మారితే ఆ పని ఎవరు చేస్తారు అన్నీ రాసివ్వాలి. ఐదుగురి బృందం తెచ్చేవారికి ఐక్యరాజ్యసమితి సంస్థో, ఉంటున్న దేశమో ఇచ్చిన శరణార్థి గుర్తింపు పత్రం ఉండి తీరాలి. రప్పిస్తాం అని చెప్పి ఆ కుటుంబం దగ్గర డబ్బు తీసుకోవడం, వచ్చాక మా ఖర్చు తిరిగివ్వండి అనడం రెండూ నిబంధనలకు విరుద్ధం. అయినా అడిగేవాళ్లు లేకపోలేదు.

ఈ కాగితాలన్నింటిలో ఒక్క గడి విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త పడినా తక్కువే. కుటుంబ సభ్యుల పట్టిక. భార్య లేదా భర్త, పిల్లలు, వాళ్లు వెంట వస్తున్నా రాకపోయినా, ఎక్కడున్నారో తెలియకపోయినా, పేర్లు రాయాల్సిందే. రాస్తే, మిగిలిపోయినవారిని వచ్చిన ఏడాదిలోగా సులువుగా రప్పించుకునే వీలుంది. రాయకపోతే వలస నిబంధనల్లోని 117(9)(డి) అడ్డుపడుతుంది. ఆ వ్యక్తిని తర్వాత కుటుంబ సభ్యుడిగా స్పాన్సర్ చేయడం సాధారణంగా కుదరదు. 2019 తర్వాత కొందరికి మినహాయింపు ఇచ్చే ఏర్పాటు వచ్చింది కానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

ఎందుకు రాయరు? దరఖాస్తు వేసిన తర్వాత, వీసా రాకముందు బిడ్డ పుడుతుంది. చెబితే ఫైలు మళ్లీ మొదటికొస్తుందేమోనని భయం. యుద్ధంలో తప్పిపోయిన కొడుకు చనిపోయాడనుకుని రాయరు. చెల్లెలి కూతుర్ని సొంత కూతురిలా పెంచుకుంటూ, దత్తత కాగితాలు లేవు కాబట్టి ఎలా చెప్పాలో తెలియక ఊరుకుంటారు. ఐదేళ్ల తర్వాత ఆ పిల్లవాడు బతికే ఉన్నాడని ఫోను వస్తుంది. స్పాన్సర్ బృందం ముందుగానే దుబాసీని పెట్టుకుని, ఒక్కో పేరూ అడిగి, మధ్యలో ఏ మార్పు వచ్చినా వెంటనే తెలియజేయమని చెప్పాలి. సోఫాలు సేకరించడం కన్నా దీని విలువ ఎక్కువ.

మొదటి నెల

చేతిలో అంతర్జాతీయ వలస సంస్థ సంచీతో వాళ్లు దిగుతారు. కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. ఇక్కడి నుంచి చకచకా జరగాల్సినవి సామాజిక బీమా సంఖ్య, బ్యాంకు ఖాతా, రాష్ట్ర ఆరోగ్య కార్డు, పిల్లల టీకాల వివరాలు, బడిలో చేర్పించడం, ఇంగ్లీషు స్థాయి పరీక్ష. ఇవన్నీ ఎవరైనా చేయించగలరు. గట్టిగా పట్టించుకోవాల్సినవి రెండే.

మొదటిది పిల్లల భృతి. 2025 జూలై నుంచి 2026 జూన్ దాకా లెక్క ప్రకారం ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 7,997 డాలర్లు, 6 నుంచి 17 ఏళ్ల వారికి 6,748 డాలర్లు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఏడాది తర్వాత నిలకడగా వచ్చే పెద్ద ఆదాయం ఇదే కావచ్చు. దరఖాస్తు ఆలస్యమైతే డబ్బూ ఆలస్యమవుతుంది. ఆ తర్వాత ఏటా ఆదాయం సున్నా అయినా సరే, భార్యాభర్తలిద్దరూ పన్ను పత్రం దాఖలు చేయాలి. ఒకరు మరిచిపోయినా జూలైలో భృతి ఆగిపోతుంది. ఆదాయమే లేనివాళ్లు పన్ను పత్రం ఎందుకు వేయాలన్నది వాళ్లకు అర్థం కాదు. న్యాయమే, మొదట్లో మనకూ అర్థం కాలేదు.

రెండోది పళ్లు, కళ్లు. స్పాన్సర్‌షిప్ నడిచే కాలంలో కేంద్ర ప్రభుత్వ తాత్కాలిక ఆరోగ్య పథకం రాష్ట్ర బీమాలోకి రాని పళ్ల వైద్యం, కళ్లజోళ్లు, మందుల ఖర్చు కొంతవరకు భరిస్తుంది. స్పాన్సర్‌షిప్ ముగిస్తే అదీ ముగుస్తుంది. ఏళ్ల తరబడి శిబిరాల్లో ఉన్నవారి పళ్లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. పదకొండో నెలలో పన్ను నొప్పి గుర్తొస్తే అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం.

ఇల్లు సంగతి వేరే చెప్పాలి. ఉద్యోగం, క్రెడిట్ చరిత్ర, పాత ఇంటి యజమాని సిఫారసు ఏవీ లేనివారికి అద్దెకు ఇచ్చేవారు అరుదు. బృందంలో ఒకరు హామీదారుగా సంతకం పెడితే తప్ప కదలదు. ఇక్కడ ఉదారంగా ఉండాలన్న ఆత్రంలో చాలా బృందాలు పెద్ద తప్పు చేస్తాయి. మంచి పేటలో, మంచి బడి దగ్గర, చందాల అండతో ఖరీదైన ఇల్లు తీసుకుంటారు. చందాలు ఆగిన నెలలో ఆ కుటుంబం అద్దె కట్టలేక పిల్లల బడి, స్నేహితులు, బస్సు దారి అన్నీ వదిలి మళ్లీ ఊరు వెతుక్కోవాలి. పదమూడో నెలలో వాళ్లు సొంతంగా కట్టగలిగిన అద్దె ఎంతో ముందు అంచనా వేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. ఫొటోల్లో ఆ ఇల్లు అంత బాగుండదు. అయినా అదే తీసుకోవాలి.

డబ్బు ఎవరి చేతిలో

నెలవారీ మొత్తం కుటుంబం సొంత ఖాతాలో పడాలి. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. నిబంధనల ఉద్దేశమూ ఇదే. చెప్పడం సులువు, పాటించడం కాదు. పోగుచేసిన డబ్బులో మనదీ కొంత ఉంది కాబట్టి, ఆ ఇంట్లో కొత్త ఐఫోన్ కనబడితే మన కళ్లు చికిలిస్తాయి. ఆ ఫోను అవతలి దేశంలో ఉన్న తల్లితో మాట్లాడే ఒకే ఒక్క దారి అని, పిల్లల హోంవర్కు నుంచి బస్సు సమయాల దాకా అన్నీ అందులోనే చూసుకుంటారని ఆలస్యంగా తడుతుంది. అంతకన్నా ముఖ్యం, తట్టకపోయినా అది మన లెక్క కాదు.

కొందరు స్పాన్సర్లు రసీదులు అడుగుతారు. కిరాణా సామానుకు వెంట వెళ్లి ‘ఇది ఎందుకు, అది చవక’ అంటారు. నగదుకు బదులు కూపన్లు ఇస్తారు. అత్తవారింట్లో కొత్త కోడలు ప్రతి రూపాయికీ మామగారి దగ్గర నిలబడాల్సి వస్తే ఎలా ఉంటుందో తెలుగు ఇళ్లకు వివరించనక్కర్లేదు. సొంత ఊళ్లో దుకాణం నడిపిన మనిషి, పదిమందికి జీతాలిచ్చిన మనిషి ఇక్కడ పాల ప్యాకెట్‌కు సంజాయిషీ చెప్పాలి. చెబుతాడు. దేశం ఇచ్చినవాళ్లకు ఎదురు చెప్పలేక చెబుతాడు. ఆ మొహమాటాన్ని కృతజ్ఞత అనుకుని మనం సంతోషిస్తాం.

ఇందులోంచి బయటపడటానికి బృందాలు కనిపెట్టుకున్న ఉపాయం ఒకటుంది. మొదటి వారంలోనే నెలకు ఎంత వస్తుంది, ఎన్ని నెలలు వస్తుంది, అద్దె పోగా ఎంత మిగులుతుంది, ఉద్యోగం దొరికితే ఏ లెక్కన తగ్గుతుంది అన్నీ వారి భాషలో ఒక్క కాగితం మీద రాసి ఇస్తారు. బయటి దుబాసీని పిలుస్తారు, బంధువునో పెద్ద కొడుకునో కాదు. ఆ తర్వాత డబ్బు మాట ఎత్తకుండా ఉండేందుకు ప్రయత్నిస్తారు. సరిపోయినా సరిపోకపోయినా అది ఆ ఇంటి బడ్జెట్. ఒక నెల తప్పు లెక్క వేసుకుని ఇబ్బంది పడితే, పూచీ ఉండగానే పడటం మేలు.

మన అనుభవం పనికిరాని చోటు

తెలుగువారు ఇలాంటి బృందంలో చేరితే ఒక లాభం, ఒక ప్రమాదం. లాభం ఏమిటంటే కొత్త దేశంలో మొదటి చలికాలం, మొదటి క్రెడిట్ కార్డు, కెనడా అనుభవం లేదని తిప్పి పంపిన ఉద్యోగాలు మనకు బాగా తెలుసు. ప్రమాదమూ అందులోనే ఉంది. ‘మేమూ ఇలాగే మొదలుపెట్టాం’ అనేస్తాం. మనం అలా మొదలుపెట్టలేదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఉద్యోగ వలస పద్ధతిలో పాయింట్లు లెక్కపెట్టుకుని, డిగ్రీలు ముందే మదింపు చేయించుకుని, ఇంగ్లీషు పరీక్ష రాసి, బ్యాంకులో డబ్బు చూపించి వచ్చాం. నచ్చకపోతే వెనక్కి వెళ్లే విమానం ఉండేది. సంక్రాంతికి ఊరెళ్లి అరిసెలు తెచ్చుకున్నాం.

ఈ తేడా మర్యాదకు సంబంధించినది మాత్రమే అనుకోవద్దు, చట్టంలోనూ ఉంది. మనం కాన్సులేట్‌కు వెళ్లి పాస్‌పోర్టు పునరుద్ధరించుకోవడం మామూలు పని. శరణార్థిగా వచ్చిన శాశ్వత నివాసి అదే పని చేస్తే, తాను పారిపోయి వచ్చిన దేశం రక్షణను మళ్లీ కోరుకున్నట్టుగా ప్రభుత్వం వాదించవచ్చు. ఆ పాస్‌పోర్టుతో చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడటానికి వెళ్లినా సరే. 2012 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న మార్పు ప్రకారం, శరణార్థి రక్షణ అలా రద్దయితే శాశ్వత నివాస హోదా కూడా దాంతోపాటే పోతుంది. పౌరసత్వం వచ్చేదాకా ఈ కత్తి వేలాడుతూనే ఉంటుంది. కాబట్టి ప్రయాణం తప్పనిసరైతే కెనడా ఇచ్చే శరణార్థి ప్రయాణ పత్రం తీసుకోవాలి, పుట్టిన దేశానికి వెళ్లే ఆలోచన ఉంటే ముందు న్యాయవాదిని అడగాలి, 1,095 రోజులు నిండగానే పౌరసత్వానికి దరఖాస్తు వేయాలి. ‘ఏముంది, పాస్‌పోర్టు రెన్యూ చేయించుకోండి, మేం చేయించుకోలేదా’ అన్న స్నేహపూర్వకమైన సలహా ఒక కుటుంబాన్ని మళ్లీ రోడ్డున పడేయగలదు.

చిన్న చిన్న చోట్ల కూడా ఇదే తంతు. పాత దేశంలో కారు నడిపిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే అక్కడి అధికారుల పత్రం అడుగుతారు. డిగ్రీ మదింపుకు విశ్వవిద్యాలయం నేరుగా కాగితాలు పంపాలంటారు. బాంబుదాడిలో కూలిన విశ్వవిద్యాలయానికి ఎవరు ఉత్తరం రాస్తారు, ఏ ప్రభుత్వం నుంచి పారిపోయారో ఆ ప్రభుత్వాన్ని ఎవరు అడుగుతారు?

తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ వెతికితే బర్మా నుంచి వచ్చినవారే గుర్తొస్తారు. 1962లో నె విన్ సైనిక పాలన, 1964లో దుకాణాలు, వ్యాపారాల జాతీయీకరణ తర్వాత కట్టుబట్టలతో ఓడలెక్కినవారిలో ఉత్తరాంధ్ర మూలాలున్నవారు ఎందరో. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఉంది. పూర్వీకుల నేలకే చేరినా మళ్లీ మొదటి నుంచి బతుకు కట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లకు కనీసం పెద్దల భాష ఇక్కడ పలికేది. ఇప్పుడు హైదరాబాద్ బాలాపూర్ దగ్గర ఉంటున్న రోహింగ్యాలకు ఆ అండా లేదు. 1951 శరణార్థి ఒడంబడిక మీద భారత్ సంతకం చేయలేదు. మనం మాట్లాడుకుంటున్న స్పాన్సర్‌షిప్ లాంటి చట్టమూ ఇక్కడ లేదు.

ఇంగ్లీషా, ఉద్యోగమా

మూడో నెలకల్లా ప్రతి బృందంలోనూ ఈ వాదన వస్తుంది. ఒకరు అంటారు, భాష రాకుండా ఏ పనికి వెళ్లినా జీవితాంతం అక్కడే ఉండిపోతారు, ఏడాదంతా తరగతికే పంపాలి. ఇంకొకరు అంటారు, పని చేస్తేనే భాష వస్తుంది, పైగా పదమూడో నెల ముంచుకొస్తోంది. ఇద్దరిలోనూ నిజం ఉంది. కేంద్రం ఖర్చుతో నడిచే ఇంగ్లీషు తరగతులు ఉచితం. చాలాచోట్ల చంటిపిల్లలను చూసుకునే ఏర్పాటూ ఉంటుంది. కానీ సొంత భాషలోనే చదువు అంతంతమాత్రంగా ఉన్న నలభై ఏళ్ల మనిషి ఒక్క ఏడాదిలో ఉద్యోగానికి సరిపడా ఇంగ్లీషు నేర్చుకోవడం అరుదు.

ప్రైవేటు స్పాన్సర్లతో వచ్చినవారు ప్రభుత్వం తెచ్చినవారి కన్నా తొందరగా ఉద్యోగాల్లో కుదురుకుంటున్నారని, తక్కువ చదువుకున్నవారిలో ఆ తేడా ఏళ్ల తరబడి కనబడుతోందని గణాంక శాఖ అధ్యయనాలు చెబుతున్నాయి. కారణం ఊహించవచ్చు. స్పాన్సర్లకు తెలిసినవాళ్లుంటారు, వాళ్లకు దుకాణాలు, గోదాములు, హోటళ్లు ఉంటాయి. అయితే ఈ లెక్కను మన ఘనతగా చెప్పుకునే ముందు ఒకటి గమనించాలి. ప్రభుత్వం తెచ్చేవారిలో తీవ్ర అనారోగ్యం ఉన్నవారు, ఒంటరి తల్లులు, ఎక్కువ ఆపదలో ఉన్నవారు ఎక్కువ. ప్రైవేటుగా వచ్చేవారిలో ఇక్కడ అప్పటికే బంధువులున్నవారు ఎక్కువ. రెండు పరుగులూ ఒకే గీత దగ్గర మొదలుకావు.

నా మొగ్గు ఎటంటే, మొదటి ఆరు నెలలు ఇద్దరినీ తరగతికి పంపాలి. ‘ఇద్దరినీ’ అన్నది ముఖ్యం. లేకపోతే మగవాడు పనికి, ఆమె ఇంటికి పరిమితమై, పదేళ్ల తర్వాత కూడా డాక్టరుతో మాట్లాడటానికి కూతురు తోడు రావాలి. అన్నట్టు, పిల్లలను దుబాసీలుగా వాడటం వీలైనంత త్వరగా మానుకోవాలి. వాళ్లకే ముందు భాష వస్తుంది కాబట్టి అందరం ఆ పని చేస్తాం. తల్లి కడుపునొప్పి వివరాలు, తండ్రి అప్పుల లెక్క పన్నెండేళ్ల పిల్లవాడి నోటితో చెప్పించడం ఎవరికీ మంచిది కాదు.

పదమూడో నెల

ఏడాది నిండిన మర్నాడు ఒకేసారి చాలా జరుగుతాయి. స్పాన్సర్ డబ్బు ఆగుతుంది. తాత్కాలిక ఆరోగ్య పథకం అదనపు సదుపాయాలు ఆగుతాయి. విమాన టికెట్ల కోసం ప్రభుత్వం ఇచ్చిన అప్పు వాయిదాలు మొదలవుతాయి. అవును, అది అప్పే. 2018 నుంచి వడ్డీ తీసేశారు కానీ అసలు తిరిగి కట్టాల్సిందే. ఈ అప్పు సంగతి చాలా కుటుంబాలకు మొదటి బిల్లు వచ్చాకే అర్థమవుతుంది. కొన్ని బృందాలు ముందుగానే కొంత మొత్తం పక్కనపెట్టి అది తీర్చేస్తాయి. కొత్త సోఫా కన్నా మంచి కానుక.

అప్పటికి ఉద్యోగం రాకపోతే రాష్ట్ర సాంఘిక సహాయానికి దరఖాస్తు వేసుకోవాలి. ఇక్కడ స్పాన్సర్లలో కొందరు తమ పరువు పోయినట్టు బాధపడతారు. కుటుంబం కూడా సిగ్గుపడుతుంది. ఆ దరఖాస్తుకు శాశ్వత నివాసులకు హక్కుంది. పదకొండో నెలలోనే కూర్చుని కాగితాలు సిద్ధం చేస్తే పన్నెండు, పదమూడు నెలల మధ్య అద్దె బకాయి పడదు. ఇంకో రకం ముగింపూ ఉంది. ఐదో నెలలోనే కుటుంబం తమవాళ్లున్న వేరే నగరానికి వెళ్లిపోతామంటుంది. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు వాళ్లది. చిన్న ఊళ్లో ఇల్లంతా సర్ది పెట్టిన బృందం గుండె కలుక్కుమంటుంది, అయినా పెట్టెలు సర్దడంలో సాయం చేయాలి.

వెనక మిగిలినవాళ్లు

ఇప్పుడు ఆ నిలిపివేత సంగతి. ఒక కుటుంబం నిలదొక్కుకోగానే మొదట అడిగేది ‘మా తమ్ముడిని ఎలా రప్పించాలి’ అని. స్పాన్సర్ తానే పేరు సూచించే వీలున్న పద్ధతి కాబట్టి, వచ్చినవారే స్పాన్సర్లై అక్కాచెల్లెళ్లకు, మేనల్లుళ్లకు దరఖాస్తులు వేశారు. అందులో తప్పేమీ లేదు. బంధువులను తెచ్చుకునే మామూలు దారి తోబుట్టువులకు దాదాపు మూసుకుపోయి ఉండటంతో అందరూ ఇటు వచ్చారు. ప్రభుత్వంతో శాశ్వత ఒప్పందం ఉన్న సంస్థలకు 2012 నుంచి ఏటా ఇన్నే అని పరిమితి ఉంది. ఐదుగురి బృందాలకు ఆ పరిమితి లేదు. వచ్చే దరఖాస్తులు పెరిగాయి, తీసుకునే సంఖ్య పెరగలేదు. 2025కు ప్రైవేటు స్పాన్సర్‌షిప్ కింద పెట్టుకున్న లక్ష్యం 23,000. బకాయి ఏళ్లకేళ్లు పేరుకుపోయి చివరికి తలుపు వేయాల్సి వచ్చింది.

దీని మీద రెండు వాదనలున్నాయి. పౌరులు సొంత డబ్బుతో తెచ్చేవారు ప్రభుత్వం తెచ్చేవారికి అదనంగా ఉండాలన్నది 1979 నుంచి వస్తున్న సూత్రం. ప్రైవేటు లక్ష్యం ప్రభుత్వ లక్ష్యాన్ని దాటిపోయిన కొద్దీ, ప్రభుత్వం తన భారాన్ని పౌరుల మీదికి నెట్టుతోందన్నది ఒక విమర్శ. బంధువుల పేర్లతోనే జాబితా నిండిపోతే, ఎవరూ లేనివారి సంగతేమిటన్నది రెండోది. ప్రపంచ శరణార్థుల్లో ఏటా నూటికి ఒక్కరికి కూడా ఇలా మూడో దేశం దొరకదు. రెండో విమర్శలో బలం ఎక్కువనిపిస్తుంది. అయితే దానికి మందు బంధువుల దారి వేరుగా తెరవడమే కానీ, ఉన్న ఒక్క దారినీ మూయడం కాదు.

ఈలోగా, నిలిపివేతకు ముందు సంతకాలు పెట్టిన బృందాల దగ్గరికి కుటుంబాలు వస్తున్నాయి. ప్రభుత్వంతో శాశ్వత ఒప్పందం ఉన్న చర్చిలు, మసీదులు, సేవా సంఘాల లాంటి సంస్థలు కలిపి దేశంలో వందకు పైగానే ఉన్నాయి. పాకిస్తాన్‌లో ఏళ్లు గడిపి వచ్చిన అఫ్గాన్ కుటుంబాల్లో చాలామందికి ఉర్దూ అర్థమవుతుంది కాబట్టి, హైదరాబాద్‌లో పెరిగిన తెలుగువారికి ఆ ఇంట్లో మొదటి రోజే మాట కలుస్తుంది. సాయంత్రాలు, శని ఆదివారాలు వచ్చేవాళ్లు ఏ బృందానికైనా దొరుకుతారు. మంగళవారం ఉదయం పది గంటలకు కారు తీసుకుని, ఆ ఇంటి రెండో పిల్లను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగలిగినవాళ్ల కోసమే వెతుక్కుంటారు.